అమ్మ మీద పడిన వెలుతురు

నా చిన్నప్పుడు వెలుతురును కొలవడానికి కూడా ఒక మీటరు ఉంటుందని మా ఇంట్లో తెలిసిన మనిషి మామ ఒక్కడే. మామ అంటే మా అమ్మ తమ్ముడు. తిరుత్తణిలో కొండ మెట్లకు దగ్గరగా ఫోటో స్టూడియో నడిపేవాడు. స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోకండి. ముందు ఒక గది, వెనక ఒక చీకటి గది, పక్కన సున్నం కొట్టిన గోడ, గోడ ముందు ఒక బల్ల, అంతే. మేము ఆ ఊరికి రెండు మైళ్ల దూరంలో నేతగాళ్ల వీధిలో ఉండేవాళ్లం.

ఇప్పుడు ఇదంతా ఎందుకు గుర్తుకొచ్చిందంటే, పోయిన నెల నా మనవరాలు చెన్నై నుంచి మెడలో పాత ఫిల్ము కెమెరా వేసుకుని తిరువళ్లూరులో మా ఇంట్లో దిగింది. ఫోనులో మూడు లైట్ మీటర్ల బొమ్మలు చూపించి ఏది కొనాలి అవ్వా అని అడిగింది. ఫోనులోనే మీటరు ఉంటుందట, కానీ చేత్తో పట్టుకునేదే కావాలట. తెల్ల బుడిపె ఉన్నది కొనుక్కో, దాన్ని కెమెరా వైపు తిప్పి మనిషి మొహం దగ్గర పెట్టు అన్నాను. ఎందుకు అంది. ఆ ఎందుకుకు జవాబు ఒక్క మాటలో చెప్పేది కాదు. ఆ పిల్లకు తమిళం చదవడం వచ్చినంతగా తెలుగు చదవడం రాదు. అయినా తెలుగులోనే రాస్తున్నాను. చదివి వినిపించడానికి నేనింకా బతికే ఉన్నాను కదా.

మామ స్టూడియోకు వచ్చేవాళ్లలో ముప్పాతిక మంది గుండ్లే. కొండ మీద మొక్కు తీర్చుకుని, తలకు చందనం పూసుకుని, ఇంటిల్లిపాదీ దిగివచ్చి ఆ తెల్ల గోడ ముందు వరసగా నిలబడేవాళ్లు. వాళ్లను ఫోటో తీయడానికి మామకు ఏ మీటరూ అక్కర్లేకపోయేది. ఫిల్ము డబ్బాలో ఒక కాగితం వచ్చేది. ఎండ ఉంటే ఇంత, మబ్బు ఉంటే ఇంత అని దాని మీద బొమ్మలు ఉండేవి. మామ ఆ కాగితం కూడా చూసేవాడు కాదు. ఒకసారి ఆకాశం చూసి, ఒకసారి ముక్కు రుద్దుకుని, కెమెరా తిప్పేవాడు. ఆ చేతిలో ఫోటో చెడింది అన్న మాట నేను వినలేదు.

అలాంటివాడు ఒకరోజు ఎవరి దగ్గరో ఒక పాత మీటరు సంపాదించాడు. అగ్గిపెట్టెలు రెండు కలిపినంత ఉంటుంది. దేని ఫోటో తీయాలో దాని వైపు చూపిస్తే లోపల ముల్లు కదులుతుంది. ముల్లు ఆగిన అంకె చూసి కెమెరా సర్దుకోవాలి. మామ దాన్ని తాడు కట్టి మెళ్లో వేసుకుని తిరిగాడు. మా అవ్వ, అంటే అమ్మనూ మామనూ కన్నతల్లి, ఊరుకునే మనిషి కాదు.

"ఏమిరా, కండ్లు పోయినాయా నీకు? ఎండ ఉండాదో ల్యాదో అదొచ్చి చెప్పాల్నా?" అని ఎగతాళి చేసింది. మామ నవ్వేశాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే మా అమ్మ మొక్కు తీర్చుకుంది.

నాకు పదేళ్లప్పుడు విడవని జ్వరం వచ్చింది. తగ్గితే తలనీలాలు ఇస్తానని అమ్మ మొక్కుకుంది. అమ్మ జడ నడుము దాటి ఉండేది. మగ్గానికి పోగులు చాలకపోతే దిగుల్లేదు, ఆమె జడ ఉంది కదా అని వీధిలో ఆడవాళ్లు పరాచికాలాడేవాళ్లు. ఆ జడ ఇచ్చేసి, చందనం పూసుకుని, అమ్మ కొండ దిగి తమ్ముడి స్టూడియోకు వచ్చింది. ఒక సంగతి చెప్పాలి. ఊళ్లోవాళ్లందరికీ ఫోటోలు తీసే మామ అంతవరకు అక్కకు ఒక్క ఫోటో కూడా తీయలేదు. ఇంటి మనిషే కదా, ఎప్పుడైనా తీయవచ్చులే అనుకున్నాడు. ఆ రోజు కూడా నేనే పట్టుబట్టాను.

మిట్ట మధ్యాహ్నం. తెల్ల గోడ. గోడ ముందు తడి చందనం ఆరుతున్న గుండు. మామ కొత్త మోజుతో మీటరును అమ్మ తలకు జానెడు దూరంలో పట్టాడు. ముల్లు ఎగిరి ఆ చివరికి పోయింది. అంత వెలుతురు ఉందని మీటరు చెప్పింది కాబట్టి మామ లెన్సులో వెలుతురు వెళ్లే కంతను ఆ మేరకు చిన్నది చేశాడు. చేసేటప్పుడు ఒక్క క్షణం చెయ్యి ఆగిందనీ, కన్ను వద్దంటున్నా ముల్లు మాట విన్నాననీ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు.

ఫోటో కడిగితే గుండు మాత్రం తళతళలాడుతోంది. గోడ బాగా వచ్చింది. మొహం ఉండాల్సిన చోట అడుగంటిన గిన్నెలాగా నల్లగా ఉంది. మీటరు అబద్ధం చెప్పలేదు. చందనం గుండు ఎంత మెరుస్తోందో అంత చెప్పింది. ఆ గుండు కింద చామనఛాయ మొహం ఒకటి ఉందని దానికెలా తెలుస్తుంది? మామ నొచ్చుకుంటుంటే అమ్మే సర్ది చెప్పింది.

"పోనీరా. నా మొగం ఎవురు జూడాల ఇప్పుడు? జుట్టు పెరగనీ, అప్పుడు తీద్దువుగాని."

అమ్మ జుట్టు వేలెడంత పెరిగింది. ఆ వానల్లో కామెర్లు వచ్చాయి. కండ్లు పచ్చబడ్డాయి, పసరు పోశారు, ఆసుపత్రికి తీసుకుపోయారు. పన్నెండు రోజులకు పోయింది.

నాకు ఏడుపు రాలేదు. ఏడుపు ఆపుకున్నానని కాదు, రానేలేదు. చేతి మీద తల పెట్టుకుని నిద్రపోతే లేచేసరికి ఆ చెయ్యి మనది కానట్టు ఉంటుంది చూడండి, ఒళ్లంతా అలా ఉండేది. అన్నం పెడితే తినేదాన్ని. నీళ్లు తెమ్మంటే తెచ్చేదాన్ని. నాలుగో రోజు నాయన మగ్గం గుంతలో దిగి కూర్చున్నాడు. ఆ మగ్గం చప్పుడు వింటూ గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. ఎంతసేపు కూర్చున్నానో నాకు తెలిసేది కాదు.

వచ్చినవాళ్లు ఊరుకోలేదు. ప్రతి ఆడమనిషీ నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి కండ్లలోకి చూసేది. కండ్లు పొడిగా ఉంటే గడ్డం వదిలేసేది. కొందరు వెనక్కి తిరిగి ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవాళ్లు. అవ్వకు కూతురు పోయిన దుఃఖం. ఆ దుఃఖం నా మీదికి తిరిగింది.

"ఒక్క బొట్టన్నా రాలినాదా దీని కంట్లో? నా బిడ్డ కడుపున ఇది యాడ పుట్టినాదో!" అని నలుగురిలో అంది. నాకు కోపం కూడా రాలేదు. నిజమే, ఎక్కడ పుట్టానో అని నేనూ ఆలోచించాను.

పదహారో నాటి కర్మకు ఫోటో కావాల్సి వచ్చింది. ఉన్నది ఆ ఒక్కటే. మామ చీకటి గదిలో రెండు పగళ్లు తలుపేసుకుని కూర్చున్నాడు. రకరకాల కాగితాల మీద అచ్చు వేశాడు. మొహం మీద వెలుతురు పడకుండా వేలు అడ్డం పెట్టి వేశాడు, పెట్టకుండా వేశాడు. నెగటివ్‌లో మొహం ఉన్న చోట ఖాళీ గాజులా ఉంది. ఫిల్ము మీద పడనిదాన్ని నేను యాడ్నించి తెచ్చేది అంటూ చివరికి ఆ నల్ల మొహం ఫోటోనే తెచ్చి గోడకు పెట్టాడు. అవ్వ చేతిలో దండ పట్టుకుని దాని ముందు నిలబడింది.

"ఈ మసి మొగానికా నేను దండ ఏసేది? నా బిడ్డకు మొగమే ల్యాకుండా చేస్తివి గదరా!" అని దండ కింద పెట్టేసింది.

తిరువళ్లూరులో ఫోటోల మీద రంగు వేసే ఒక ఆర్టిస్టు ఉండేవాడు. చెడిన ఫోటోలకు కండ్లు, ముక్కు, బొట్టు దిద్ది కొత్తగా చేసి ఇచ్చేవాడు. మామ కబురు పెడితే, పోయిన మనిషి పోలికలు ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే మంచి వెలుతురులో ఫోటో తీసి తీసుకురమ్మన్నాడట. నేను అచ్చం అమ్మ పోలికే. నా మొహాన్ని చూసి అమ్మ మొహం దిద్దుతాడన్నమాట. అవ్వకు ప్రాణం లేచి వచ్చింది. మామ మాత్రం మొదట వేరే మీటరు కొంటాననీ, ఆ తర్వాతే నన్ను ఫోటో తీస్తాననీ పట్టుబట్టాడు. అప్పటికి మామకు పాత మీటరు మీదా నమ్మకం లేదు, తన కండ్ల మీదా నమ్మకం లేదు. ఆకాశం చూసి ముక్కు రుద్దుకోవడం మానేశాడు. రెండు వారాలుగా ఎవరు వచ్చినా స్టూడియో మూసి ఉంది. అక్క మొహం పోయింది, చేతిలో పని కూడా పోయేలా ఉంది.

అలా ఒక పొద్దున మామ నన్ను బస్సెక్కించి తిరువళ్లూరు తీసుకుపోయాడు. కెమెరాలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరకు పోయాం. ఆయనకు తమిళం తప్ప రాదు. ఇంటి వసారాలోనే కొట్టు. మామ వచ్చిన పని చెప్పగానే ఆయన మూడు పాత మీటర్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి మామ దగ్గర ఉన్నలాంటిదే. రెండోది చిన్నది, చూడ్డానికి ముచ్చటగా ఉంది, కానీ దానికి బిళ్లంత బ్యాటరీ కావాలి. ఆ బ్యాటరీ మద్రాసులో కూడా అన్నిసార్లూ దొరకదన్నాడాయన. మూడోది అద్దం మీద గీతలు పడి, అంచు సొట్టపోయి ఉంది. దాని నెత్తిన సగం కోసిన నిమ్మకాయంత తెల్ల బుడిపె ఉంది. బ్యాటరీ లేదు, వెలుతురు పడితే దానంతటదే నడుస్తుంది.

మామ నన్ను పెరట్లో ఎండలో నిలబెట్టాడు. ఒక చేతి మీద తెల్ల తువ్వాలు వేశాడు, ఇంకో చేతికి మడిచిన నల్ల గొడుగు ఇచ్చాడు. మొదటి మీటరును తువ్వాలు వైపు చూపిస్తే ముల్లు ఎగిరింది, గొడుగు వైపు చూపిస్తే పడిపోయింది. ఎండ అదే, నిలబడిందీ నేనే, అంకెలు మాత్రం వేరు. తర్వాత బుడిపె ఉన్నదాన్ని తువ్వాలు ముందు పెట్టి, బుడిపెను ఎదుటి వైపు తిప్పి చూశాడు. గొడుగు ముందు పెట్టి అలాగే చూశాడు. ముల్లు ఒకే చోట ఆగింది. మామ నమ్మలేదు. నాలుగుసార్లు చూశాడు. అరచేత్తో బుడిపె మూసి ముల్లు సున్నాకు పడుతోందా అని చూశాడు. నీడలోకి పోయి చూశాడు. పెద్దాయన సొంతంగా వాడుకునే మీటరు తెప్పించి పక్కన పెట్టి చూశాడు. చూసిన ప్రతిసారీ రెండూ ఒకే మాట చెప్పాయి.

పెద్దాయన వసారాలో కూర్చుని ఇదంతా చూస్తూ, "ఇదు మొగత్త పాక్కాదు, వెలిచ్చత్తత్తాన్ పాక్కుం," అన్నాడు. ఇది మొహాన్ని చూడదు, వెలుతురునే చూస్తుంది అని.

అప్పుడు మామ తువ్వాలు, గొడుగు తీసేసి కెమెరా నిలబెట్టాడు. నా దగ్గరకు వచ్చి ఆ మీటరును నా చెంప పక్కన పట్టాడు. బుడిపె కెమెరా వైపు ఉంది. నా మొహానికి దాని వీపు ఉంది. మామ కండ్లు ముల్లు మీద ఉన్నాయి. మీటరు నన్ను చూడలేదు, మామ నన్ను చూడలేదు. ఇరవై రోజుల్లో నా మొహానికి అంత దగ్గరగా వచ్చి, నా కండ్లలో ఏమైనా ఉందా అని వెతకని మనిషి మామే. నా మీద ఎంత వెలుతురు పడుతోందో తెలుసుకోవడమే వాళ్లకు కావాల్సింది. ఎవరూ గడ్డం పట్టకుండానే నేను తల ఎత్తి కెమెరా వైపు చూశాను.

నవ్వమని మామ అనలేదు. కండ్లు పెద్దవి చెయ్యి అనలేదు. "ఊరికే నిలబడు మా," అన్నాడు, తీశాడు. పెద్దాయన తన చీకటి గదిలోనే ఫిల్ము కడిగి, మధ్యాహ్నానికి తడి ఆరీ ఆరని ఫోటో ఇచ్చాడు. అందులో నేను ఎలా ఉన్నానో అలాగే ఉన్నాను. చిన్న మొహం, పొడి కండ్లు. మామ దాన్ని ఎంతోసేపు చూసి, ఆ సొట్ట మీటరును కొనేశాడు.

ఆర్టిస్టు రెండు వీధుల అవతల ఉన్నాడు. అమ్మ ఫోటో, నా ఫోటో పక్కపక్కన పెట్టి, పెన్సిల్‌తో దూరాలు చూసుకుని, ఇదేం కష్టం కాదన్నాడు. నా కండ్లు అక్కడ పెడతాడు, బొట్టు పెద్దది చేస్తాడు, వయసుకు తగ్గట్టు బుగ్గలు కొంచెం లాగుతాడు. పెన్సిల్ మొన అమ్మ నల్ల మొహం మీద ఆనబోయింది. అప్పుడు నా నోట్లోంచి మాట వచ్చింది.

"వద్దు. అమ్మ అట్ల ల్యాదు."

ఆర్టిస్టు పెన్సిల్ ఎత్తాడు. మామ నా వైపు తిరిగి, "ఎట్లుండె మా?" అని అడిగాడు. అడిగి ఆగాడు. తొందరపెట్టలేదు.

ఇంతవరకు చెప్పని సంగతి ఇక్కడ చెప్పాలి. ఆ రోజు గోడ ముందు అమ్మ గుండుతో నిలబడితే కెమెరా పక్కన ఉన్న నేను పకపకా నవ్వాను. నా కోసం జడ ఇచ్చిన మనిషిని చూసి నవ్వాను. అమ్మ పోయిన దగ్గర్నుంచీ ఆ నవ్వు నా గొంతులో ముల్లులా ఇరుక్కుని ఉంది. అది ఎవరితో చెప్పాలి?

"అమ్మ గుండు జూసి నేను నవ్వినా. అమ్మ నన్ను జూసి తనూ నవ్వింది. పండ్లు కనపడేట్టు నవ్వతా ఉండె. అప్పుడే నువ్వు తీసినావు," అన్నాను. "నా కండ్లు పెడితే ఆ నవ్వు పోతాది మామా."

మామ వెనక్కి తిరిగి కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడ్చింది మామ, నేను కాదు. నాకు ఏడుపు చాలా ఏండ్ల తర్వాత, నా కూతురికి జడ వేస్తున్న ఒక మామూలు మధ్యాహ్నం వచ్చింది. ఆ రోజు మాత్రం గొంతులో ముల్లు కొంచెం కదిలింది, అంతే.

మామ రెండు ఫోటోలూ తీసుకుని ఆర్టిస్టుకు దండం పెట్టి బయటికి వచ్చాడు. ఇంటికి వచ్చాక అవ్వ ముందు నిలబడి, నా పేరు ఎత్తకుండా, తప్పంతా తన మీద వేసుకున్నాడు. "మీటరు తప్పేం ల్యా మా. అక్క మింద పడే వెలిచ్చాన్ని కొలవాల్సింది పోయి, అక్క గుండును కొలిస్తి. తప్పు నాది. ఆ తప్పు గోడ మిందనే ఉండనీ. దాని మింద వేరే మొగం పూసేది నా వల్ల కాదు," అన్నాడు. అవ్వ మూడు రోజులు మామ మొహం చూడలేదు. నాలుగో రోజు తనే దండ కట్టి ఆ నల్ల ఫోటోకు వేసింది. మామ మళ్లీ స్టూడియో తెరిచాడు. గుండుతో వచ్చిన ప్రతి మనిషి చెంప పక్కనా ఆ తెల్ల బుడిపె పట్టి చూసిన తర్వాతే ఫోటో తీసేవాడు. అంత చిన్న వయసులో నాకు అర్థమైంది ఒక్కటే. తప్పు చేసిన మనిషి దాన్ని దాచకుండా గోడకు తగిలించి కూడా బతకగలడు.

ఇప్పుడు నాకు డెబ్భై దగ్గర పడుతున్నాయి. ఎవరైనా పోతే పలకరింపులకు చాలా ఇండ్లకు పోతుంటాను. ఏ ఇంట్లోనూ నేను ఎవరి గడ్డం ఎత్తి కండ్లలోకి చూడను. ఏడ్చేవాళ్ల పక్కనా కూర్చుంటాను, ఏడవనివాళ్ల పక్కన ఇంకాసేపు కూర్చుంటాను. ఆ మనిషి మీద ఏం పడిందో మొహం చూసి చెప్పేంత తెలివి నాకు లేదు. ఆ తెలివి ఉందనుకునేవాళ్లంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మంటే.

అమ్మ ఫోటో తిరువళ్లూరులో నా ఇంటి ముందు గదిలోనే ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు దాని ముందు ఆగి, ఈమె ఎవరు, మొహమే కనపడదే అంటారు.

మా అమ్మ, నవ్వుతోంది అంటాను.